నిచ్చెన మీదికెల్లి

శుక్రారం పొద్దుగూకంగ
సజా క్యాంపు కాడ బస్సెక్కుతం.
పద్దెనిమిది మందిమి, ఇస్త్రీ లేని తెల్లంగీలు,
జేబుల దువ్వెన, అందరం గలిసి కొన్న అరటిపండ్లు.
షార్జాల ఆ విల్లా ముంగట
కార్లు నిలవడ్డ తీరు జూస్తెనే తెలుస్తది
లోపల ఎవలు యాడ కూసుంటరో.

దేవుని ముంగట అందరొక్కటే అని
గోడకు బంగారు అక్షరాలతోని రాసి ఉంటది.
దాని కిందనే తాడు కడ్తరు.
ఎర్ర మఖ్మల్ తాడు, బ్యాంకుల లైనుకు పెట్టేటిది.
తాడుకు అవతల పసుపు దారపోళ్లు,
ఇవతల తెల్లదారపోళ్లు,
చెప్పుల స్టాండు పక్కకు
దారమే లేనోళ్లం.

పసుపు దారం ఎట్లొస్తదమ్మా అని
ఓదేలు అడిగిండు ఒకపారి.
సాధన చెయ్యాలి నాయనా, అన్నది వసుంధరమ్మ.
ఆమె మెడల దారం సన్నగనే ఉంటది గని
దానికి ఏలాడే పాదాల బిళ్ల
నా ఆర్నెల్ల జీతం.

స్వామివారు ఏడాదికొక్కపారి వస్తరు.
ఎవల బండెక్కుతరు, ఎవలింట్ల తింటరు,
ఎవల పిల్లగాన్ని పేరువెట్టి పిలుస్తరు,
ఇగ నెల దినాలు గదే ముచ్చట.
పోయినేడు దుర్గాప్రసాద్ గారి కారెక్కిండ్రని
శేషగిరి గారు మూడు వారాలు భజనకు రాలే.
వచ్చిననాడు కొత్త కారుల వచ్చిండు.
దాని ముంగటి సీటు మీది ప్లాస్టిక్
ఇంక తియ్యలే,
స్వామి కూసున్నంకనే తీస్తడంట.

ప్రసాదం గుడ గట్లనే.
వాళ్లకు గిన్నెలల్ల జీడిపప్పు తేలుతుంటది,
మా కాడికి వచ్చేసరికి
గంటె అడుగు గీకే చప్పుడు.
నాకు కోపం రాలే.
అబద్ధమెందుకు,
నాకు ఆ గిన్నె గావాలె.

ఈ యేడు ఆగస్టుల
స్వామి "అహంకారం" అన్న మాట కాడ ఉండంగ
ఏసీ ఆగింది.
పట్టుచీరెలు వీపులకు అంటుకున్నయి.
విసనకర్ర లేక భజన పుస్తకాలు ఊపిండ్రు.
పన్నెండేండ్ల సంది వస్తున్న, నా పేరు ఎవలకెరుక లేదు.
"ఏసీ బాబు ఎక్కడ? ఏసీ బాబు!"
తాడు తీసిండ్రు.
స్వామి ఆసనం పక్కకే నిచ్చెన ఏసిండ్రు.
ఎక్కిన.
బొటనేలు బయటికొచ్చిన నా సాక్సు
స్వామి తలపాగ కంటె జానెడు మీద.

మీదికెల్లి జూస్తే
దారాలు కనవడయి.
నడినెత్తులే కనవడ్తయి.
రంగు దిగుతున్న పాపిట్లు,
శేషగిరి గారి విగ్గు కుట్లు,
కండువ జారిన స్వామి వీపు మీద
మా క్యాంపోళ్ల లెక్కనే చెమటకాయలు.
నవ్వొచ్చింది గని
నోట్లె స్క్రూ ఉండె.

ఫిల్టర్ నిండ అగరొత్తుల మసి. దులిపిన.
గాలి వచ్చింది.
స్వామి తలెత్తి నన్ను జూసి
"చల్లగుండు నాయనా" అన్నడు.
దీవెననో, టెంపరేచర్ సంగతో
నాకు ఇప్పటికీ సమజ్ గాలే.
వసుంధరమ్మకు అయింది.
ఇరవైయేండ్లల ఆమెను
ఒక్కపారి గుడ అనలేదంట ఆ మాట.

వచ్చే శుక్రారం కుర్చీ మీద నా పేరు.
పోశాలు అని గాక పోశెట్టి అని రాసిండ్రు.
దిద్దుమని అడగలే.
మెడల పసుపు దారం, రెండో వరుస,
గిన్నెల జీడిపప్పు. నాలుగు.
ఎనుకకెల్లి ఓదేలు పిలిచిండు,
"పోశాలన్నా, బస్సు ఎనిమిదికేనట!"
వినవడ్డది.
మెడ తిప్పలే.

బస్సుల అడిగిండు.
ఏసీ గాలికి మెడ పట్టిందిరా, అన్న.
రాత్రి రూముల
ఓదేలు జండూబామ్ పట్టుకొచ్చి
కింది మంచం మీద నన్ను కూసోవెట్టి
శానసేపు మెడ రుద్దిండు,
దారం పక్కకు జరుపుకుంట,
జాగర్తగ,
తెగకుండ.